సీసాను అనుమానించినవాళ్లు

హైదరాబాద్ శివారు తెల్లాపూర్‌లో పొద్దున్నే ఏ అపార్ట్‌మెంట్ గేటు ముందు చూసినా నీళ్ల క్యాన్ల ఆటో ఒకటి ఆగి ఉంటుంది. కుర్రాడు రెండు చేతుల్లో రెండు క్యాన్లు పట్టుకుని లిఫ్టు వైపు నడుస్తుంటాడు. నీలి ఛాయలో గాజులా మెరిసే ఆ 20 లీటర్ల క్యాన్ మెట్ల మీంచి జారిపడ్డా అంత తేలిగ్గా పగలదు. ఖాళీ అయ్యాక బోర్లించి చూస్తే కొన్నిటి అడుగున త్రికోణం మధ్యలో 7 అనే అంకె కనిపిస్తుంది. నీళ్ల క్యాన్ల మీద ఆ అంకె ఉంటే అది సాధారణంగా పాలీకార్బనేట్ ప్లాస్టిక్. దాన్ని తయారుచేసే ముడిసరుకు పేరు బిస్ఫినాల్-ఎ, పొట్టిగా బీపీఏ.

ఈ బీపీఏ నీళ్లలో చాలా కొద్దిగా కలిసినా గుడ్డులో ఉన్న చేపపిల్ల మెదడు ఎదిగే తీరు మారిపోతుందని ఇవాళ మనకు తెలుసు. చిత్రమేమిటంటే, ఈ సంగతి కనిపెట్టాలని మొదట ఎవరూ బయల్దేరలేదు. ఒకరు రొమ్ము క్యాన్సర్ మీద, ఇంకొకరు ఈస్ట్ మీద, మరొకరు ఎలుకల అండాల మీద పరిశోధన చేసుకుంటుంటే వాళ్ల ప్రయోగాలు పాడైపోయాయి. పాడైనదాన్ని పారబోసి మళ్లీ మొదలుపెట్టడం తేలిక. అలా చేయకుండా, తమ చేతిలో ఉన్న పాత్రనే అనుమానించిన కొందరి ఓపిక వల్లే ఈ కథ చేప మెదడు దాకా వచ్చింది.

కథకు మూలం 1891లో ఉంది. రష్యా రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ దియానిన్ ఫినాల్‌నూ అసిటోన్‌నూ కలిపి ఒక కొత్త పదార్థం తయారుచేశారు. 1905లో జర్మనీలో థియోడర్ జింకే దాన్ని మళ్లీ చేసి వివరాలు అచ్చువేశారు. అయితే దానితో ఏం చేయాలో చాలాకాలం ఎవరికీ తోచలేదు.

1930లలో లండన్ వైద్య పరిశోధకుడు ఎడ్వర్డ్ చార్లెస్ డాడ్స్ ఒక మందు కోసం వెతుకుతున్నారు. స్త్రీల శరీరంలో తయారయ్యే ఈస్ట్రోజన్ హార్మోన్‌ను జంతువుల నుంచి తీయడం ఖరీదైన పని. ప్రయోగశాలలో చవకగా చేయగల ప్రత్యామ్నాయం కావాలి. అందుకని ఆయన అండాశయాలు తీసేసిన ఆడ ఎలుకలకు ఒక్కో రసాయనం ఇస్తూ, వాటి శరీరం ఈస్ట్రోజన్ అందినట్టు స్పందిస్తుందేమో చూస్తూ వచ్చారు. 1936లో బీపీఏ ఆ పరీక్షలో నెగ్గింది. దాని ప్రభావం మాత్రం బలహీనం. రెండేళ్లకే డాడ్స్ బృందానికి అంతకంటే ఎన్నో రెట్లు శక్తిమంతమైన డీఈఎస్ దొరికింది. దాంతో బీపీఏను పక్కన పడేశారు. డీఈఎస్‌ను మాత్రం గర్భం నిలవడానికని దశాబ్దాల పాటు లక్షలాదిమంది స్త్రీలకు ఇచ్చారు. వాళ్ల కూతుళ్లలో అరుదైన క్యాన్సర్ వస్తోందని 1971లో బోస్టన్ వైద్యులు బయటపెట్టాకే అమెరికాలో గర్భిణులకు అది ఇవ్వడం ఆగింది.

పక్కన పడ్డ బీపీఏకు 1953లో కొత్త జన్మ దక్కింది. జర్మనీలో బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దాదాపు ఒకే సమయంలో దానితో ఒక ప్లాస్టిక్ చేశారు. ఫాక్స్ కలుపుతున్న ద్రవం చూస్తుండగానే కలిపే కడ్డీ చుట్టూ గట్టిపడిపోయిందట. గాజు పాత్ర పగలగొట్టి బయటికి తీస్తే, ఆ ముద్దతో మేకులు కొట్టినా అది చెక్కుచెదరలేదు. అదే పాలీకార్బనేట్. పాలసీసాలు, కళ్లద్దాలు, హెల్మెట్లు, నీళ్ల క్యాన్లు, ప్రయోగశాల పాత్రలు అన్నీ దానితో తయారయ్యాయి. ఈ ముడిసరుకు హార్మోన్‌లా పనిచేస్తుందని పదిహేడేళ్ల ముందే ఒక వైద్యుడు రాసిపెట్టాడు. ప్లాస్టిక్ చేసేవాళ్లు ఆ కాగితాన్ని పట్టించుకోలేదు.

ఇక అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. 1987 చివరి రోజులు. బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో అర్జెంటీనా నుంచి వచ్చిన ఇద్దరు శాస్త్రవేత్తలు, ఆనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్, రొమ్ము క్యాన్సర్ కణాలను పెంచుతున్నారు. ఈ కణాల తీరు వాళ్లకు బాగా తెలుసు. ఈస్ట్రోజన్ వేస్తే పెరుగుతాయి, వేయకపోతే ఊరుకుంటాయి. కణాలకు ఆహారంగా ఇచ్చే రక్తరసంలో ఈస్ట్రోజన్ ఆనవాలు కూడా లేకుండా వాళ్లు ముందే బొగ్గుపొడితో శుద్ధి చేసేవారు. పళ్లెంలో వరసగా చిన్న చిన్న గుంటలు. కొన్నిట్లో హార్మోన్ వేస్తారు, కొన్నిట్లో వేయరు. నాలుగు రోజులాగి లెక్కపెడితే రెండు వరసల మధ్య తేడా స్పష్టంగా ఉండాలి.

ఆ రోజు అన్ని గుంటల్లోనూ కణాలు కిక్కిరిసి ఉన్నాయి. ఈస్ట్రోజన్ వేయనివి కూడా అంతే జోరుగా పెరిగాయి. ఎవరి చేతికో అంటుకున్న హార్మోన్ పొరపాటున పడిందనుకుని మళ్లీ చేశారు. మళ్లీ అదే ఫలితం. రసాయనాలు మార్చారు. బొగ్గు మార్చారు. పాత్రలన్నీ తోమించారు. కణాలు మాత్రం తమకు హార్మోన్ అందుతోందన్నట్టే పెరుగుతున్నాయి. చేతిలో ఉన్న పరిశోధనలన్నీ ఆపేసి నెలల తరబడి ఒక్కో వస్తువునూ మార్చి చూస్తూ పోయారు. చివరికి అనుమానం ఎవరూ ఊహించని చోట ఆగింది. రక్తరసాన్ని నిలవచేసే ప్లాస్టిక్ గొట్టాలు! వేరే కంపెనీ గొట్టాలు వాడితే కణాలు ఊరుకున్నాయి. పాతవి వాడితే పెరిగాయి.

గొట్టాలు చేసిన కంపెనీని అడిగితే, అవి తేలిగ్గా విరగకుండా ఉండేందుకు ప్లాస్టిక్‌లో కొంత మార్పు చేశామని ఒప్పుకున్నారు కానీ ఏం కలిపారో చెప్పలేదు. వ్యాపార రహస్యమట. వైద్యశాస్త్రం చదివిన ఈ ఇద్దరూ ఇక రసాయన శాస్త్రం పట్టారు. గొట్టాల నుంచి ఊరుతున్న పదార్థాన్ని తామే విడదీసి, శుద్ధిచేసి, దాని గుట్టు విప్పేసరికి మరి రెండేళ్లు గడిచాయి. అది నోనైల్‌ఫినాల్. ప్లాస్టిక్‌కు గట్టిదనం కోసం కలిపే రసాయనం. 1991లో వాళ్ల వ్యాసం అచ్చయింది. ప్లాస్టిక్ చడీచప్పుడు లేని జడపదార్థం అన్న నమ్మకానికి మొదటి బీట అక్కడ పడింది.

అదే రోజుల్లో దేశం రెండో చివర, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌లో, డేవిడ్ ఫెల్డ్‌మన్ బృందానికి ఇంకో వింత ఎదురైంది. ఈస్ట్ కూడా ఈస్ట్రోజన్ లాంటిదేదో తయారుచేస్తుందా అని వాళ్లు చూస్తున్నారు. ఈస్ట్ పెరిగిన ద్రవంలో అలాంటి పదార్థం దొరికింది. పెద్ద విషయమే కనిపెట్టామన్న ఉత్సాహం. అయితే ఆ బృందంలోని అరుణా కృష్ణన్, ఆమె సహచరులు ఈస్ట్ లేని పాత్రలను కూడా పరీక్షించారు. ఈస్ట్ వేయని నీళ్లలోనూ అదే పదార్థం ఉంది. ప్రయోగానికి ముందు పాత్రలను ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరితో మరిగిస్తారు కదా, ఆ వేడికి పాలీకార్బనేట్ నుంచి బీపీఏ ఊరి నీళ్లలోకి దిగుతోంది. లీటరుకు రెండు మూడు మైక్రోగ్రాములు మాత్రమే. అంత కొంచెం కూడా ఈస్ట్రోజన్‌కు స్పందించే కణాలను మేల్కొల్పడానికి సరిపోయింది. 1993లో ఆ వ్యాసం వెలువడింది. డాడ్స్ 1936లో చూసి వదిలేసిన సంగతి యాభై ఏడేళ్లకు మళ్లీ తలుపు తట్టింది.

ఇలాంటి యాదృచ్ఛిక సంఘటన మూడోసారి 1998లో క్లీవ్‌లాండ్‌లో జరిగింది. పెట్రీషియా హంట్ ఎలుకల అండాల్లో క్రోమోజోముల అమరికను చూసేవారు. మామూలుగా నూటికి ఒకటి రెండు అండాల్లో కనిపించే తేడా ఉన్నట్టుండి నలభైకి ఎగబాకింది. ఆరా తీస్తే, ఎలుకల పంజరాలనూ నీళ్ల సీసాలనూ నేలలు తుడిచే ఘాటైన సబ్బుతో కడిగారని తేలింది. అవి పాలీకార్బనేట్‌వే. సబ్బుకు పైపొర దెబ్బతిని బీపీఏ కారుతోంది. హంట్ ఆ మాటతో తృప్తిపడక, కావాలనే పంజరాలను అలా కడిగించి మళ్లీ చూసి, ఐదేళ్ల పని తర్వాత 2003లో ఫలితాలు ప్రచురించారు.

ఇంతవరకూ కథ ప్రయోగశాలల లోపలే నడిచింది. బయట, నదుల్లో, చేపలు తమ వంతు సాక్ష్యం అప్పటికే చెబుతున్నాయి. ఇంగ్లండ్‌లో 1970ల చివర్లో, మురుగునీటిని శుద్ధిచేసి వదిలే చోట కొన్ని చేపలు ఆడో మగో తేల్చలేనట్టుగా ఉన్నాయని గమనించారు. బ్రూనెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ సంప్టర్ దగ్గర దీన్ని తేల్చే సాధనం ఒకటుంది. ఆడచేప గుడ్లలో పచ్చసొన కోసం కాలేయంలో తయారయ్యే విటెలోజెనిన్ అనే ప్రోటీన్‌ను ఆయన రక్తంలో కొలవగలరు. మగచేపలో అది దాదాపు ఉండదు. ఈస్ట్రోజన్ తగిలితేనే తయారవుతుంది. ట్రౌట్ చేపలను పంజరాల్లో పెట్టి మురుగు కాలవలు కలిసే చోట దించి చూశారు. కొన్ని వారాల్లో ఆ ప్రోటీన్ ఐదు వందల నుంచి లక్ష రెట్ల దాకా పెరిగింది. 1994లో ఈ సంగతి అచ్చయింది. దోషులు ఒకరు కాదు. చాలాచోట్ల మనుషుల శరీరం నుంచి వచ్చే సహజ హార్మోన్లు, గర్భనిరోధక మాత్రల అవశేషాలు కారణం. ఉన్ని మిల్లులున్న యార్క్‌షైర్‌లోని ఎయిర్ నదిలో మాత్రం నోనైల్‌ఫినాల్ చేయి ఉంది. బోస్టన్ గొట్టాల్లో దొరికిన పదార్థమే యార్క్‌షైర్ నదిలోనూ తేలింది.

అప్పటిదాకా అందరి చూపూ చేపల అండాశయాలు, వృషణాల మీదే ఉండేది. మెదడు మీదికి చూపు మళ్లించింది మరో చిన్న పరిశోధన పాయ. ఆరోమటేజ్ అనే ఎంజైమ్ మగ హార్మోన్‌ను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. బోస్టన్‌లోనే గ్లోరియా కాలార్డ్ బృందం 1980లలో బంగారుచేప మెదడులో ఆ ఎంజైమ్‌ను కొలిచి ఆశ్చర్యపోయింది. పాలిచ్చే జంతువుల మెదడుతో పోలిస్తే వందల రెట్లు ఎక్కువ! చేప మెదడుకు అంత ఈస్ట్రోజన్ దేనికి? జవాబు కోసం చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చింది. 2001లో కోర్నెల్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ బాస్ బృందం ఆ ఎంజైమ్ న్యూరాన్లలో కాకుండా గ్లియా కణాల్లో ఉందని చూపింది. చేపల్లో ఈ రకం కణాలే కొత్త న్యూరాన్లకు పుట్టిల్లు. మనకు పెద్దయ్యాక మెదడులో కొత్త న్యూరాన్లు చాలా అరుదు. చేపకు జీవితాంతం పుడుతూనే ఉంటాయి. అంటే న్యూరాన్లు పుట్టే చోటే హార్మోన్ కూడా తయారవుతోందన్నమాట. అలాంటి చోటికి హార్మోన్ వేషంలో ఒక పరాయి రసాయనం వస్తే ఏమవుతుంది?

మొదటి ఆనవాళ్లు చేపల నడవడికలో కనిపించాయి. 2012లో అమెరికాలో జెస్సికా వార్డ్, మైకేల్ బ్లమ్ రెండు జాతుల చిన్న చేపలను పద్నాలుగు రోజులు బీపీఏ కలిపిన నీళ్లలో ఉంచారు. మామూలుగా ఇవి ఒకదాన్నొకటి గుర్తుపట్టి తమ జాతితోనే జతకడతాయి. రసాయనం తగిలాక మగవాటి రంగులు వెలిశాయి, చేపలు తమ జాతినీ పరాయి జాతినీ వేరుచేసి చూడడం తగ్గింది. అదే ఏడాది ఒరెగాన్ శాస్త్రవేత్తలు, గుడ్డు దశలో అతి తక్కువ బీపీఏ తగిలిన జీబ్రా చేపలు పిల్లలుగా ఉన్నప్పుడు మితిమీరిన చురుకుదనంతో ఈదుతాయనీ, పెద్దయ్యాక నేర్చుకోవడంలో వెనకబడతాయనీ చెప్పారు.

ఈ జీబ్రా చేప మన ఉపఖండం పిల్లే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల పుస్తకంలో దీన్ని మొదట వర్ణించారు. చిటికెన వేలంత కూడా ఉండదు. ఒంటి మీద నీలి చారలు. దీని పిండం గాజులా పారదర్శకంగా ఉండడంతో, ప్రాణం తీయకుండానే లోపల మెదడు ఏర్పడడాన్ని సూక్ష్మదర్శినిలో చూడొచ్చు. ఒక్క రోజులో మెదడు రూపం వస్తుంది, రెండు మూడు రోజుల్లో పిల్ల గుడ్డు నుంచి బయటపడుతుంది.

కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో డెబొరా కురాష్ ప్రయోగశాలలో పీహెచ్‌డీ చేస్తున్న కసాండ్రా కించ్‌కు ఈ చేపే దారి చూపింది. ఆల్బెర్టాలో కొన్ని ఊళ్లకు తాగునీరిచ్చే ఓల్డ్‌మన్ నదిలో అప్పటికే బీపీఏ కొలిచి ఉన్నారు. కించ్ అదే మోతాదు ఎంచుకున్నారు. లీటరుకు సుమారు ఒకటిన్నర మైక్రోగ్రాములు. ప్రయోగశాలల్లో అంతకుముందు వాడిన చాలా మోతాదులతో పోలిస్తే అది లెక్కలోకే రాదు. జీబ్రా చేప పిండాలను ఆ నీళ్లలో ఉంచి, ఆకలి, నిద్ర, చురుకుదనం వంటివాటిని నడిపే హైపోథాలమస్ అనే మెదడు భాగంలో కొత్తగా పుట్టిన న్యూరాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు.

లెక్క ఊహకు అందలేదు. పుట్టాల్సిన వేళకు ముందే న్యూరాన్లు 180 శాతం ఎక్కువగా పుట్టేశాయి. మెదడుకు ఒక వరస ఉంటుంది. ఎప్పుడు ఏ న్యూరాన్ పుట్టాలో, ఎవరితో కలవాలో దాని ప్రకారం జరగాలి. తొందరపడి పుట్టినవి ఆ వరసను చెదరగొడతాయి. ఈ పిల్లలు ఐదు రోజులు నిండేసరికి కెమెరా కింద మిగతావాటికంటే ఉలికిపాటుగా, గబగబా ఈదుతూ కనిపించాయి.

కారణం వెతికే దారిలో వాళ్లకు మరో మలుపు ఎదురైంది. బీపీఏ ఈస్ట్రోజన్ తాళానికి మారు తాళంచెవి లాంటిదని డాడ్స్ కాలం నుంచీ అందరి అభిప్రాయం. కాబట్టి ఆ తాళాన్ని మందుతో మూసేస్తే సరిపోవాలి. మూసి చూశారు. ఏ మార్పూ లేదు, న్యూరాన్లు అలాగే ముందుగా పుడుతున్నాయి. ఇక్కడ ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టరు. వాళ్లు ఆగకుండా మగ హార్మోన్‌కు స్పందించే గ్రాహకాన్ని మూశారు. న్యూరాన్ల పుట్టుక మామూలు స్థితికి వచ్చింది. ఆరోమటేజ్ ఎంజైమ్‌ను ఆపి చూసినా అదే ఫలితం. అంటే బీపీఏ అందరూ కాపలా కాస్తున్న వాకిలి వదిలి, పెరటి వైపు నుంచి వచ్చి చేప మెదడు సొంత హార్మోన్ కార్ఖానానే నడిపిస్తోంది. కాలార్డ్ బంగారుచేపలో చూసి ఆశ్చర్యపోయిన ఆ ఎంజైమే ముప్పై ఏళ్ల తర్వాత ఈ ముడి విప్పింది.

2015 జనవరిలో వచ్చిన ఆ వ్యాసంలో అందరినీ కలవరపెట్టిన సంగతి వేరే ఉంది. అప్పటికి కెనడా, ఐరోపా, అమెరికా పాలసీసాల్లో బీపీఏను ఆపేశాయి. తయారీదారులు దాని బదులు బిస్ఫినాల్-ఎస్ అనే చుట్టాన్ని తెచ్చి ‘బీపీఏ లేనిది’ అని లేబుల్ అంటించారు. కించ్ దాన్ని కూడా పరీక్షించారు. న్యూరాన్లు ఈసారి 240 శాతం పెరిగాయి. పేరు మారింది, పని మారలేదు. మూడేళ్లకు పెట్రీషియా హంట్ ప్రయోగశాలలో కొత్త రకం పంజరాలు పాడై, వాటి నుంచి బిస్ఫినాల్-ఎస్ కారి, ఎలుకల అండాలు మళ్లీ దెబ్బతిన్నాయి. ఇరవై ఏళ్ల తేడాతో అదే శాస్త్రవేత్తకు అదే అనుభవం!

ఈ అన్వేషణలో మన నేల మీది పాయ ఒకటి తెల్లాపూర్‌కు కూతవేటు దూరంలోనే ఉంది. నల్లగండ్ల దాటితే హైదరాబాద్ విశ్వవిద్యాలయం. అక్కడి జంతుశాస్త్ర విభాగంలో సెంథిల్‌కుమరన్ బృందం క్యాట్‌ఫిష్ మెదడును ఏళ్ల తరబడి చదువుతోంది. పిల్ల ఆడదిగానో మగదిగానో మారే రోజుల్లో మెదడులో సెరటోనిన్ తయారీ ఎలా వేరవుతుందో 2011లో చెప్పింది. మరుసటి ఏడు, ఎండోసల్ఫాన్ పురుగుమందు ఎదిగే వయసులోని ‘మార్పు’ అనే క్యాట్‌ఫిష్‌ల అండాశయాలను, వృషణాలను ఎలా దెబ్బతీస్తుందో చూపింది. అది పురుగుమందు, ప్లాస్టిక్ రసాయనం కాదు. అయినా శరీరంలో అది నడిచే దారి, మెదడు నుంచి గ్రంథులకు వెళ్లే హార్మోన్ల బాట, రెండింటికీ ఒకటే. ఆ బాట ఆరోగ్యంగా ఉన్న మన చేపలో ఎలా ఉంటుందో ముందు ఎవరైనా గీసిపెడితేనే, ఎక్కడ చెడిందో తర్వాత చెప్పగలం. 2019లో లాహోర్ శాస్త్రవేత్తలు మనం బొచ్చె అని పిలిచే చేప మీద నేరుగా బీపీఏ పరీక్ష చేశారు. దాని మెదడులో పునరుత్పత్తిని మొదలుపెట్టించే కిస్‌పెప్టిన్ జన్యువుల పనితీరు మారింది. మృగశిర కార్తె రోజు రాంనగర్ మార్కెట్‌లో తూకం వేసే బొచ్చె అదే.

రసాయనాల సంగతి ఇలా ఉండగా ప్లాస్టిక్ తునకలే మెదడు దాకా వెళ్తాయా అన్న ప్రశ్న స్వీడన్‌లోని లుండ్‌లో తేలింది. టామీ సెడర్వాల్, కారిన్ మాట్సన్ బృందం కంటికి కనిపించని పాలీస్టైరీన్ రేణువులను ముందు నాచుకు, నాచును నీటి ఈగలకు, ఈగలను చేపలకు తినిపించింది. 2017లో వాళ్లు చెప్పింది ఇది. రేణువులు చేప మెదడులో దొరికాయి, ఆ చేపలు తిండి నిదానంగా తిన్నాయి, చుట్టూ తిరిగి చూడడం తగ్గించాయి.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక అడిగిన ముడి అమెరికాలోని సియాటిల్‌ది. 1990ల చివర్లో అక్కడ పాడైన వాగులను కోట్లు పోసి బాగుచేశారు. కోహో సాల్మన్ చేపలు సముద్రం నుంచి మళ్లీ ఆ వాగుల్లోకి రావడం మొదలైంది. జనం సంబరపడ్డారు. అయితే శరదృతువులో వాన కురిసిన కొద్ది గంటలకే చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరిచి మూసి, తూలుతూ గుండ్రంగా తిరిగి చచ్చిపోయేవి. కడుపు నిండా గుడ్లు అలాగే ఉండేవి. కొన్ని వాగుల్లో సగానికి పైగా చేపలది ఇదే గతి.

శాస్త్రవేత్తలు నీటి వేడి చూశారు, ప్రాణవాయువు చూశారు, రోగాలు చూశారు, పురుగుమందులు చూశారు. ఏదీ కాదు. రోడ్డు నీళ్లలో ఉండే లోహాలు, నూనెలు కలిపి తామే ఒక ద్రవం తయారుచేసి చేపలను వదిలారు. చేపలు హాయిగా ఈదాయి. నిజమైన రోడ్డు నీళ్లలో వదిలితే చచ్చిపోయాయి. అంటే తమ జాబితాలో లేనిదేదో ఆ నీళ్లలో ఉంది. చివరికి జెనిఫర్ మెకింటైర్, ఎడ్వర్డ్ కొలోజీ, జెన్‌యు తియాన్‌ల బృందం కారు టైర్ల పొడిని నానబెట్టి చూసింది. ఆ నీళ్లు చేపలను చంపాయి. దానిలో రెండు వేలకు పైగా రసాయనాలున్నాయి. ఒక్కో వాటా విడదీసి, చంపనిదాన్ని పక్కనపెట్టి, చంపినదాన్ని మళ్లీ విడదీస్తూ పోతే చివరికి ఒకే ఒక్క పదార్థం మిగిలింది. దానిలో 18 కార్బన్, 22 హైడ్రోజన్, 2 నైట్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులు. అలాంటిది టైర్లలో కలిపే రసాయనాల జాబితాల్లో ఎక్కడా లేదు.

తియాన్‌కు ఒక ఆలోచన తట్టింది. కలిపినప్పుడు ఉన్నట్టే అది బయట ఎందుకు ఉండాలి? టైరు పగలకుండా కాపాడడానికి 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. గాలిలోని ఓజోన్ టైరును తినేయకముందే ఆ రసాయనం అడ్డుపడి తాను మారిపోతుంది. దాని పరమాణువుల లెక్క తీస్తే రెండు హైడ్రోజన్లు పోయి, రెండు ఆక్సిజన్లు వచ్చి చేరితే సరిగ్గా తమ చేతిలోని పదార్థం. 2020 డిసెంబరులో ఆ పేరు ప్రపంచానికి తెలిసింది. 6పీపీడీ-క్వినోన్. లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాములో పదోవంతు చాలు, సగం కోహోలను చంపడానికి. రోడ్డు నీళ్లు తగిలిన ఈ చేపల్లో రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే కట్టడి తెగి రక్తనాళాలు కారుతున్నాయని 2021లో తేలింది. ఆ తూలడం, గుండ్రంగా తిరగడం అందువల్లే కావచ్చు. చమ్ సాల్మన్, జీబ్రా చేప మాత్రం దీన్ని బాగానే తట్టుకుంటాయి. ఒక జాతికి ఏమీ కాలేదని ఇంకో జాతి గురించి నిశ్చింతగా ఉండలేం.

సియాటిల్ వాళ్లు చావుకు కారణంతో పాటు మందు కూడా కనిపెట్టారు. అదే రోడ్డు నీళ్లను ఇసుక, కంపోస్టు, చెట్ల బెరడు కలిపిన మట్టి పొర గుండా వడకట్టి చేపలను వదిలితే ఒక్కటీ చావలేదు. తెల్లాపూర్, నల్లగండ్ల, కొల్లూరు రోడ్ల మీద రోజూ అరిగే టైర్ల పొడి తొలకరి వానకు నాలాల్లోకి, అక్కడి నుంచి చెరువుల్లోకి చేరుతుంది. ఆ చెరువుల్లోనే మత్స్యశాఖ వానాకాలంలో బొచ్చె, రవ్వ పిల్లలను వదులుతుంది. నాలా నోటికీ చెరువుకూ మధ్య కొన్ని గజాల మట్టి, గడ్డి, తుంగ మిగిలి ఉంటే ఆ వడపోత ఖర్చు లేకుండా జరిగేది. అపార్ట్‌మెంట్ ప్రహరీ నీటి అంచుదాకా వచ్చినచోట కాంక్రీటు కాలవ నేరుగా చెరువులో దిగుతోంది. కట్టేవాళ్లూ అనుమతులిచ్చేవాళ్లూ పట్టించుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

రెండో సంగతి చట్టాలది. భారత ప్రమాణాల సంస్థ 2015లో పాలసీసాల్లో బీపీఏను నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరులో ఆహారానికి తగిలే చాలా వస్తువులకు నిషేధాన్ని విస్తరించి, ప్రమాదకరమైన మిగతా బిస్ఫినాల్‌లను కూడా అందులో చేర్చింది. డాడ్స్ ఎలుకల నుంచి అక్కడికి రావడానికి ఎనభై ఎనిమిదేళ్లు పట్టింది. ఆ మధ్యలో ప్రతి రసాయనమూ ముందు అంగట్లోకి వచ్చింది, తర్వాత నీళ్లలోకి చేరింది, చివరికి ఎవరి ప్రయోగాన్నో పాడుచేసో, చేపలను చంపో పట్టుబడింది. సోటో, కృష్ణన్, హంట్ లాంటివాళ్లు ఆ చోట్లలో లేకపోయుంటే ఇంకెన్నేళ్లు పట్టేదో. ఇకమీదట అదృష్టం మీద ఆధారపడనక్కర్లేదు. పారదర్శకమైన చేప పిండం, ఐదు రోజుల సమయం, న్యూరాన్లు లెక్కపెట్టే ఓపిక ఉంటే ఒక కొత్త రసాయనం మెదడును ఏం చేస్తుందో తొలి అంచనా దొరుకుతుంది. ఆ పరీక్ష అమ్మకానికి ముందే జరిపించడం శాస్త్రవేత్తల చేతిలో లేదు, నియమాలు రాసేవాళ్ల చేతిలో ఉంది.